క్లచ్ తొక్కలేని ఎడమ కాలు

ఆ ఆదివారం సాలూరు అవతల, కొండల కింద పారే గెడ్డలోకి జీపు దింపాను. మా వైపు కొండవాగును గెడ్డ అంటాం. మోకాలి లోతు నీళ్ళు, అడుగున గుండ్రాళ్ళు. ఏళ్ళ తరబడి దాటుతున్నదే, కొత్తేం కాదు. మధ్యలో గేరు మార్చబోతే క్లచ్ పెడల్ సగం దాకా దిగి ఆగిపోయింది. తొడ బలమంతా పెట్టి తొక్కాను. ఈలోగా బండి ఒక్క కుదుపు కుదిపి నీళ్ళలోనే ఆగింది. ఒడ్డు మీదున్న స్నేహితులు ఈల వేసి నవ్వారు. నాకు మాత్రం చచ్చేంత సిగ్గేసింది.

నాకు నలభై ఆరేళ్ళు. రాజాంలో రైసు మిల్లులకు బెల్టులు, బేరింగులు అమ్మే షాపు నాది. వారంలో ఆరు రోజులు షాపుకి, ఆదివారం జీపుకి. అది మిలటరీ వాళ్ళు వేలంలో వదిలేసిన పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండి. తెచ్చినప్పుడు దాన్ని చూసి తుక్కు అన్నవాళ్ళే ఎక్కువ. ఇంజను మార్చాం, ముందు ఇరుసు మార్చాం, ఎత్తు పెంచాం, నీళ్ళలోకి దిగినా ఊపిరాడేలా ఇంజనుకి గాలి తీసుకునే గొట్టాన్ని టాప్ దాకా లేపాం. ఇదంతా చేసింది నేనూ, చీపురుపల్లిలో షెడ్డు ఉన్న సింహాచలమూ. చుట్టరికం ఏమీ లేకపోయినా ముప్పై ఏళ్ళుగా వాడు నన్ను బావా అనే పిలుస్తాడు.

ఇక మేం చేసిన తెలివితక్కువ పని చెబుతాను. పాత బండ్లతో కాపురం చేసేవాళ్ళకి ఒక రోగం ఉంటుంది. ఏది ఆగినా తప్పు బండిలోనే వెతుకుతాం. సోమవారం పొద్దున్నే జీపు షెడ్డులో పెట్టి గేర్‌బాక్స్ దించేశాం. క్లచ్ ప్లేటు తీసి చూస్తే ఇంకో రెండేళ్ళు నడిచేలా ఉంది. అయినా కొత్తది వేయించాను. బిగించాక తొక్కితే అంతే బరువు. మంగళవారం కేబులు మార్చాం, పెడల్ దగ్గర ఇరుసులన్నీ విప్పి గ్రీజు పెట్టాం. మళ్ళీ అంతే.

ఆ రెండు రోజులూ నా కాలివేళ్ళలో చీమలు పాకుతున్నట్టు ఉంది. ఎవరికీ చెప్పలేదు. అంతకు పది రోజుల ముందు కడుపు పాడై విరేచనాలయ్యాయి, ఆ నీరసమే అనుకున్నాను. మంగళవారం సాయంత్రం షాపు మెట్లు దిగుతుంటే ఎడమ కాలి చెప్పు ఊడిపోయింది. నాలుగడుగులు వేసేదాకా నాకు తెలియనే లేదు. చెప్పు వదులైపోయిందని దాన్నే తిట్టుకున్నాను.

బుధవారం సింహాచలం ఏం చేశాడంటే, తనే సీట్లో కూర్చుని క్లచ్ తొక్కాడు. తర్వాత పక్క షెడ్డు వెల్డరును పిలిచి తొక్కించాడు. ఆఖరికి టీ ఇవ్వడానికొచ్చిన నరసమ్మను కూడా ఎక్కించాడు. ఆవిడ చేతిలో గ్లాసుల స్టాండు అలాగే పట్టుకుని, చీర కుచ్చెళ్ళు సర్దుకుని, పెడల్‌ను నేల దాకా తొక్కేసి దిగిపోయింది. సింహాచలం చేతులు తుడుచుకుంటూ నా పక్కన కూర్చున్నాడు.

"బావా, క్లచ్చి బాగానే ఉన్నాది. నీ కాలే బాగోలేదు."

నాకు ఒళ్ళు మండిపోయింది. కొత్త ప్లేటు డూప్లికేటు అన్నాను, వాడికి పని రాదన్నాను, ఇంకా ఏవేవో అన్నాను. లేచి చూపిస్తానని పైకి లేవబోతే రెండు మోకాళ్ళూ ఒకేసారి మడతపడ్డాయి. నేల మీద కూర్చున్నవాణ్ణి మళ్ళీ లేవలేకపోయాను. వాడు నన్ను ఎత్తి జీపులో వేసి చీపురుపల్లి ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. అక్కడి డాక్టరు గారు మోకాలి మీద చిన్న సుత్తితో రెండుసార్లు కొట్టి, ఈ పూటే విశాఖపట్నం తీసుకెళ్ళిపొండి, ఆలస్యం చేయకండి అన్నారు.

విశాఖలో న్యూరాలజిస్టు కూడా అదే సుత్తితో మోకాళ్ళు, మడమలు, మోచేతులు కొట్టి చూశారు. ఏదీ కదల్లేదు. "రిఫ్లెక్సెస్ లేవు. వీక్‌నెస్ ఎప్పుడు మొదలైంది?" అని అడిగారు. ఆదివారం అన్నాను. మరి ఇన్నాళ్ళూ ఏం చేశారన్నారు. నేను నోరు తెరిచేలోపు సింహాచలం చెప్పేశాడు.

"క్లచ్చి ప్లేటు మార్చినాం సార్."

ఆయన మా ఇద్దరి వైపూ చూసి, అదీ రాసుకున్నారు.

నెర్వ్ కండక్షన్ స్టడీ అని కాళ్ళకీ చేతులకీ కరెంటు పెట్టి చూశారు. లంబార్ పంక్చర్ అని వెన్నులోంచి నీరు తీశారు. జీబీఎస్ అని తేలింది, అంటే గులియన్ బారే సిండ్రోమ్. "మీ ఇమ్యూనిటీయే మీ నరాల మీది పొరను తినేస్తోంది" అన్నారు డాక్టరు గారు. వైరు మీది తొడుగు పోతే కరెంటు ఎలా పోతుందో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. ఐవీఐజీ అనే మందు ఐదు రోజులు ఎక్కించడం మొదలుపెట్టారు.

అక్కడ పూటకోసారి ఒక పరీక్ష ఉండేది. గుండెల నిండా గాలి పీల్చి, ఒక్క ఊపిరిలో ఒకటి, రెండు అని ఎంతదాకా లెక్కపెడతానో చూస్తారు. మొదటి రోజు ముప్పై దాకా వెళ్ళాను. మర్నాడు పందొమ్మిది. ఆ మర్నాడు పొద్దున లెక్క పదకొండు దగ్గరే ఆగిపోయింది. సిస్టర్ ముఖం మారడం చూశాను. నాకు అప్పుడు నిజంగా భయమేసింది. కొండ అంచున బండి ఒరిగినప్పుడు కూడా అంత భయపడలేదు. అక్కడ స్టీరింగ్ నా చేతిలో ఉంటుంది. ఇక్కడ చెయ్యే లేవడం లేదు.

ఆ రోజే గొంతులో ట్యూబ్ వేశారు, పదకొండు రోజులు వెంటిలేటర్ మీద ఉన్నాను. అన్నీ వినబడతాయి, అన్నీ తెలుస్తాయి, ఒక్క కనురెప్పలే నా మాట వింటాయి. మా ఆవిడ పార్వతి రోజూ వచ్చి మంచం పక్కన నిలబడేది. అవునంటే ఒకసారి, కాదంటే రెండుసార్లు రెప్ప వేయమంది. ఒకరోజు, మా అన్నయ్య జీపు అమ్మేయమంటున్నాడని, బొబ్బిలి నుంచి ఎవరో చూడ్డానికి వస్తామంటున్నారని చెప్పింది. నేను రెండుసార్లు రెప్ప కొట్టాను. మళ్ళీ మళ్ళీ రెండుసార్లు కొట్టాను.

"నాను అమ్మనులే మావా. అమ్మాలంటే నువ్వే లెగిసొచ్చి అమ్ముకో" అంది.

పార్వతి నాకు మేనత్త కూతురు, చిన్నప్పటి నుంచీ మావా అనే పిలుపు. అసలు ఆమెకి ఆ జీపంటే పడదు, ఆదివారాలు మింగేస్తుందని. ఆ రోజు ఆమె ఆ మాట అనకపోతే నేను ఏమయ్యేవాడినో తెలియదు.

ట్యూబ్ తీశాక, నెలన్నర ఆసుపత్రి తర్వాత, చక్రాల కుర్చీలో రాజాం వచ్చాను. నాలుగైదు నెలల్లో చేతులొచ్చాయి, కుడి కాలు పూర్తిగా వచ్చింది. ఎడమ పాదం మాత్రం రాలేదు. ఎత్తబోతే ముందుకు వేలాడిపోతుంది. దీన్ని ఫుట్ డ్రాప్ అంటారు. రివ్యూకి వెళ్ళినప్పుడు మళ్ళీ జీపు ఎప్పుడు నడపొచ్చని అడిగాను.

"క్లచ్ బండి మరచిపొండి. ఆటోమేటిక్ కారు కొనుక్కుని హాయిగా తిరగండి" అన్నారు డాక్టరు గారు.

ఆయన మంచి మనిషి, నా ప్రాణం నిలబెట్టిన మనిషి. అయినా ఆ 'హాయిగా' అన్న మాట నన్ను కాల్చేసింది. ఒకరు తీసేసుకున్నాక మిగిలింది పుచ్చుకుని సంతోషించమంటే నా వల్ల కాదు. మరచిపోను సార్ అని అక్కడే చెప్పేశాను.

పాదం వేలాడకుండా ఏఎఫ్ఓ అని పిక్క నుంచి అరికాలి దాకా ప్లాస్టిక్ బద్ద ఇచ్చారు. ఇంటికొచ్చి దాన్ని మంచం కిందకి తోసేశాను. కుంటివాడి ముద్ర వేసుకుని చీపురుపల్లి వెళ్ళేది లేదనుకున్నాను. వారం రోజులు చూసి పార్వతి దాన్ని బయటికి లాగి నా ఒళ్ళో పెట్టింది.

"ఆ బండికి ఇంజను మార్సినావు, ఇరుసు మార్సినావు, ముక్కు తీసి నెత్తి మీదెట్టినావు. అయినా అది నా బండే అంతావు. నీ కాలికి ఇంత ప్లాస్టిక్ ముక్క కడితే నువ్వు నువ్వు కాకుండా పోతావేటి?"

రెండు రోజులు ముఖం మాడ్చుకుని తిరిగి, మూడో రోజు తొడుక్కున్నాను.

తొడుక్కున్నాక ఊరుకున్నామా? ఆ బద్ద మరీ బిర్రుగా ఉండి మడమ వంగనివ్వడం లేదు. నేనూ సింహాచలమూ షెడ్డులో కూర్చుని, హీట్ గన్‌తో దాన్ని వేడి చేసి వంచి, అంచులు గ్రైండర్‌తో అరగదీశాం. ఎక్కడా నొప్పి లేదు, భలే కుదిరిందని ఇద్దరం మురిసిపోయాం. అసలు ఆ పాదానికి స్పర్శే సరిగా లేదన్న సంగతి ఇద్దరికీ గుర్తు రాలేదు. నాలుగో రోజు పార్వతి నా మేజోడు నిండా రక్తం చూసింది. మడమ మీద పుండు. ఆరు వారాలు ఆ కాలు కింద పెట్టనివ్వలేదు. సంపాదించుకున్న కొద్దిపాటి కండ కూడా కరిగిపోయింది. జబ్బు చేసినప్పుడు ఏడవలేదు గానీ అప్పుడు ఏడ్చాను. ఆ దెబ్బ నాకు నేనే చేసుకున్నది మరి.

పుండు మానాక రాజాంలోనే ఒక ఫిజియోథెరపిస్టు దగ్గరకు వెళ్ళాను. రేవతి అని, మా మేనకోడలి వయసు అమ్మాయి. మొదటి రోజే, "కాలు బాగుపడితే ఏం చెయ్యాలని ఉంది మీకు?" అని అడిగింది. నడవాలమ్మా అన్నాను. "నడుస్తూనే వచ్చారు కదా, ఇంకేంటో చెప్పండి" అంది. జీపు నడపాలని చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. పెడల్ ఎంత ఎత్తులో ఉంటుంది, ఎంత లోపలికి దిగాలి, మోకాలు ఎంత మడుస్తారు అని అన్నీ అడిగి కాగితం మీద రాసుకుంది.

ఆ కొలతలతో సింహాచలం ఒక ఇనుప చట్రం వెల్డింగు చేసి, దానికి ఒక పాత క్లచ్ పెడల్, వెనక స్ప్రింగూ బిగించి, ముందు ఒక సీటు పెట్టి ఆమె గదికి తెచ్చాడు. ప్లాస్టిక్ జోలికి మాత్రం రేవతి మమ్మల్ని వెళ్ళనివ్వలేదు. విశాఖలో కొలతలిచ్చి, మడమ దగ్గర కీలున్న ఏఎఫ్ఓ చేయించింది. పాదం తొక్కలేనప్పుడు తొడతో ఎలా తొక్కాలో, తొక్కడం కంటే మెల్లగా వదలడం ఎంత కష్టమో అక్కడ నేర్చుకున్నాను. మొదట పదిసార్లు తొక్కితే కాలు వణికిపోయేది. ప్రతి వారం స్ప్రింగు మార్చి బిగువు పెంచేవాళ్ళం. ఐదు నెలలకి జీపు క్లచ్ బిగువుకి సమానమైన స్ప్రింగు దగ్గరికి వచ్చాను. కుడి కాలు బ్రేకు మీదకి ఎంత వేగంగా వెళ్తుందో కూడా ఆమె గడియారం పెట్టి చూసింది. ఆ కాగితాలన్నీ చూశాక గానీ విశాఖ డాక్టరు గారు ఫిట్‌నెస్ రాసివ్వలేదు.

కోసేసిన వరిమళ్ళలో నాలుగు ఆదివారాలు తిప్పాను. ఐదో ఆదివారం, రామతీర్థం అవతల వాడకం మానేసిన ఒక కంకర క్వారీకి వెళ్ళాం, యజమానిని అడిగే. దాని వాలు సగం ఎక్కాక రాళ్ళు జారే మలుపు ఉంటుంది. అక్కడ బండి ఆపి మళ్ళీ కదిలించాలి. ఆపాను. కదిలించబోతే ఎడమ పాదం పెడల్ మీంచి పక్కకి జారింది. ఇంజను ఆగింది, బండి రెండడుగులు వెనక్కి జారింది, బ్రేకు పట్టింది. సింహాచలం పైనుంచి, బండిని లాగే తాడు పట్టుకుని దిగుతున్నాడు.

"తాడు కిందెట్టరా" అన్నాను. "నాను అడిగినప్పుడు తే."

వాడు తాడు అక్కడే వదిలేసి, వెనక చక్రం కింద రాయి పెట్టి పక్కకి తప్పుకున్నాడు. రెండోసారీ ఇంజను ఆగింది. మూడోసారి తొడతో తొక్కి, లోపల ఒకటి, రెండు అని లెక్కపెడుతూ వదిలాను. బండి రాయిని వదిలి ముందుకు పాకింది. క్వారీ నెత్తికెక్కి ఇంజను ఆపి, స్టీరింగ్ మీద తల పెట్టుకుని ఏడ్చేశాను. అందరూ చూశారు, చూస్తే చూడనీ అనుకున్నాను.

ఇప్పటికీ నా ఎడమ పాదం పైకి లేవదు. రెండు వేళ్ళకి స్పర్శ లేదు. రోజూ స్నానమయ్యాక అద్దం పెట్టి అరికాలు చూసుకుంటాను. గంటకి మించి స్టీరింగ్ పట్టను, కాలు అలసిన రోజు తాళం సింహాచలానికి ఇచ్చేసి పక్కన కూర్చుంటాను. పక్కన కూర్చోవడం నాకు అస్సలు నచ్చదు, వాడి డ్రైవింగును దారి పొడుగునా తిడుతూనే ఉంటాను.

ఇది చదువుతున్న రోగులకి ఒక్కటే చెబుతాను. డాక్టరు దగ్గరా, ఫిజియో దగ్గరా ఎక్కడ నొప్పి ఉందో చెప్పి ఊరుకోకండి. ఆ కాలో చెయ్యో మీకు ఏ పనికి కావాలో విడమరచి చెప్పండి, కొలతలతో సహా చెప్పండి. పిండి రుబ్బడానికా, వల లాగడానికా, కుట్టుమిషను తొక్కడానికా, ఏదైనా సరే. ఎవరైనా నవ్వుతారని దాచుకోవద్దు. నేను జీపు కావాలని మొండికేశానే గానీ ఇలా విడమరచి చెప్పక నెలలు పోగొట్టుకున్నాను.

మొన్నటి రివ్యూలో డాక్టరు గారు ఫైల్లో రాస్తూ పైకి చదివారు: పేషెంట్ ఏఎఫ్ఓ సాయంతో స్వతంత్రంగా నడుస్తున్నాడు. దాని కింద, క్లచ్ ఉన్న జీపుతో క్వారీ ఎక్కాడు అని కూడా రాయండి సార్ అన్నాను. ఆయన గట్టిగా నవ్వి, ఫైల్లో అలాంటివి రాయకూడదన్నారు. అందుకని ఇక్కడ నేనే రాసుకుంటున్నాను.