బాయిలరుకు లేని మాట

తెనాలి నుంచి రేపల్లె వెళ్లే ప్యాసింజరు వేమూరులో ఆగి ఉండగా బయట ఢామ్మని చప్పుడైంది. ఉలిక్కిపడి, “ఏదో బ్లాస్ట్ అయినట్టుంది,” అన్నాను.

ఎదుటి సీటులోని పెద్దాయన కిటికీ వైపు చూడనైనా లేదు. “బ్లాస్ట్ కాదమ్మా, బరస్ట్. లారీ టైరు. ట్రాన్స్‌ఫార్మరైతే బ్లాస్ట్ అవుద్ది, దాని చప్పుడు వేరు.”

తొంగి చూస్తే రైలు గేటు దగ్గర నిజంగానే ఒక లారీ పక్కకు ఒరిగి ఉంది. ఇరవై ఏళ్లుగా కాలేజీలో ఇంగ్లిష్ చెబుతున్నాను. ఆ తేడా ఇంత తేలిగ్గా నేనెప్పుడూ చెప్పలేదు.

“ఎలా తెలిసింది బాబాయ్ గారూ?”

“రేపల్లెలో రైసుమిల్లు బాయిలరు దగ్గర పనమ్మా, ముప్పై ఏళ్ల నుంచి. చప్పుడును బట్టే ఆవిరి పెంచడం, తగ్గించడం.”

“మరి బాయిలరు పేలితే ఏ మాట వాడతారు?”



“తెలీదమ్మా. ఇంతవరకూ ఆ మాటతో పని పడలేదు.”