చెయిన్‌కి పెట్టిన కొబ్బరినూనె

న్యూజెర్సీలో ఎమ్మెస్ చదివే రోజుల్లో నా గదిలో ఉండే అమ్మాయిది వరంగల్, నాది భీమవరం. నేనేం చేసినా ఆమెకు నవ్వే. నవ్వించే పనులు నేనూ తక్కువేం చేయలేదు, ఒప్పుకుంటాను.

ఆ జనవరిలో మా ప్రొఫెసరమ్మకు జూనియర్ల పేపర్లు దిద్దడానికి ఒక మనిషి కావలసి వచ్చింది. ఉన్నది ఒక్క ఉద్యోగం, అప్లై చేసింది మేమిద్దరమే. నాకు తొమ్మిదింటికి, ఆమెకు తొమ్మిదిన్నరకు ఇంటర్వ్యూ. ఐదు నిమిషాలు ఆలస్యమైనా ఇక రానక్కర్లేదని ఆవిడ ముందే చెప్పేసింది. ఫీజు బెంగ ఇద్దరికీ ఉంది. ఎవరికి వచ్చినా రెండోవాళ్లు ఏడవకూడదని ఒట్టు వేసుకున్నాం.

ముందురోజు మధ్యాహ్నం నుంచే మంచు మొదలైంది. "రేపు బస్సుల పోదాం" అంది ఆమె.

"భీమవరంలో నాలుగేళ్లు కాలేజీకి సైకిల్ మీదే వెళ్లాను. మంచుకి భయపడతానా?"

"భీమవరంల మంచు పడ్తదా?"

నేను సైకిల్‌ను వంటగదిలోకి తెచ్చి చెయిన్‌కి నూనె పెట్టడం మొదలుపెట్టాను. ఐసెలిన్‌లో మనవాళ్ల కొట్లో కొన్న కొబ్బరినూనె. మా ఇంట్లో కుట్టుమిషన్‌కీ, తలుపు గడియకీ, నా జుట్టుకీ అన్నిటికీ అదే. సీసాలో గడ్డకట్టి ఉంటే వేడినీళ్లలో పెట్టి మరీ కరిగించాను. బీటెక్ మెకానికల్, అదీ డిస్టింక్షన్‌లో పాసైనదాన్ని. గదిలోనే గడ్డకట్టేది బయట మంచులో ఏమవుతుందో ఆ బుర్రకు తట్టనే లేదు.

పొద్దున్నే మొదటి మైలు మహారాణిలా వెళ్లాను. తర్వాత పెడల్ బరువెక్కింది. ఇంకాస్త దూరం పోయాక హఠాత్తుగా తేలికైపోయింది గానీ సైకిల్ మాత్రం కదల్లేదు. దిగి చూస్తే చెయిన్ నిండా తెల్లగా మైనంలా పేరుకుపోయి ఉంది. వెనక చక్రం ఫ్రీవీల్ దగ్గరా అంతే. పెడల్ ఊరికే తిరుగుతోంది, చక్రానికి మాత్రం పట్టడం లేదు. గ్లవ్స్ తీసి గోళ్లతో గీకాను, వేళ్లు కొయ్యబారాయి. టైము ఎనిమిదిన్నర దాటింది, ఇంకా రెండు మైళ్లుంది.

అంతలో బస్సు నన్ను దాటిపోయింది. కిటికీలో ఆమె! నేను సైకిల్ తోసుకుంటూ నడవడం చూసి పళ్లన్నీ బయటపెట్టి నవ్వింది. నవ్వవే నవ్వు, ఇక ఉద్యోగం నీదే కదా అని లోపల తిట్టుకున్నాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, ఆ నిమిషంలో ఆమె మీద నాకు కుళ్లు పుట్టింది.

కాసేపటికి ఎదురుగా మంచులో జారుతూ, తూలుతూ ఎవరో వస్తున్నారు. ఆమే. చేతిలో టీ ఫ్లాస్కు.

"దిగిపోయావేంటే? నీ ఇంటర్వ్యూ?" అన్నాను.

"లొల్లి చేయకు. సైకిల్ గట్టిగ పట్టుకో."

పొగలు కక్కే అల్లం టీ మొత్తం చెయిన్ మీదా, ఫ్రీవీల్ మీదా ఒంపేసింది. తెల్లదంతా కరిగి కారింది. పెడల్ తిప్పితే చక్రం తిరిగింది.

"ఆగకుండ తొక్కు. ఆగినవనుకో, మళ్ల గడ్డకడ్తది."

"నువ్వూ ఎక్కు, డబుల్స్ వెళ్దాం."

"నువ్వు తొక్కుతుంటే డబుల్సా? ఇద్దరం మోరీల పడ్తం. నేను నెక్స్ట్ బస్ ఎక్కి వస్త. పో!"

తొమ్మిదికి రెండు నిమిషాలుండగా చేరాను, ఒంటినిండా అల్లం వాసనతో. ఉద్యోగం నాకే వచ్చింది. మంచు వల్ల తర్వాతి బస్సు రానే లేదు. ఆమె నడిచి వచ్చేసరికి పది కావస్తోంది, ప్రొఫెసరమ్మ క్లాసుకు వెళ్లిపోయింది.

సాయంత్రం గదిలో ఆమె ముఖం చూడడానికి నాకు ధైర్యం చాలలేదు. "ఎందుకు దిగావే?" అని అడుగుతూనే ఏడ్చేశాను.

"నువ్వు సైకిల్ తోస్తుంటే మస్తు నవ్వొచ్చింది. దగ్గరికొచ్చి సూద్దామని దిగిన" అంది. తర్వాత నా వంక చూసి, "ఓడినోళ్లు ఏడవొద్దని గద ఒట్టేసుకున్నం. గెల్సినదానివి, నువ్వేందే ఏడ్సుడు?" అంది.

నాకు ఏడుపు ఇంకా ఎక్కువైంది.

"ఆ నూనె మిగిలిందా? తల మొత్తం మంచుల తడిసింది. జర పెట్టు" అంటూ జడ విప్పుకుని నా ముందు కింద కూర్చుంది.

సీసాలో నూనె మళ్లీ గడ్డకట్టి ఉంది. వేడినీళ్లలో పెట్టాను.