పంపు రూము వెనక ఊడ్వని మూల

2023లో దసరా అయిపోయిన వారం. ఆదోనిలో పత్తి సీజను మొదలైంది. మార్కెట్ యార్డుకు పోయే లారీలు, ట్రాక్టర్లు రోడ్డు పొడుగునా దూది రాల్చుకుంటూ పోతాయి కాబట్టి ఆ నెలల్లో మా శానిటేషన్ వాళ్లకు ఊపిరాడదు. కాలువల్లో దూది, కరెంటు తీగల మీద దూది, పార్కు కంచె మీద దూది. నేనప్పుడు అక్కడ శానిటరీ ఇన్‌స్పెక్టర్‌ని, అంటే ఊరి చెత్తకు జవాబుదారీని. తెల్లారి అయిదింటికి మస్టర్ వేయాలి. మస్టర్ అంటే పనికి వచ్చినవాళ్ల హాజరు పట్టీ. ఎవరు ఏ వీధికి పోవాలో చెప్పి పంపించి, తర్వాత స్కూటర్ వేసుకుని తిరిగి, వాళ్లు చేసిందీ చేయనిదీ చూసుకోవాలి. ఇరవై ఆరేండ్లు అదే పని చేసినాను. నాకు కోపం ముక్కు మీదుంటుందని అందరూ అంటారు. అబద్ధమేం కాదు.

నా కింద ఉన్న చోట్లన్నిట్లోకీ నాకు ముద్దైంది మా పార్కు. పెద్దదేం కాదు. కానుగ, నేరేడు, బాదం చెట్లు కొన్ని, నడిచేవాళ్లకు సిమెంటు బాట, పిల్లలకు రెండు ఊయలలు, ఒక మూలన బోరు పంపు రూము. నేల మీద ఒక్క ఎండుటాకు కనబడితే నాకు కంట్లో నలుసు పడినట్టే ఉండేది. ఆ పార్కు ఊడ్చే మనిషి మార్తమ్మ. అవుట్‌సోర్సింగ్‌లో చేస్తోంది, అంటే జీతం కాంట్రాక్టరు చేతి మీదుగా వస్తుంది, తీసేయాలంటే నా కాగితం ఒక్కటి చాలు. ఆమె మొగుడు యార్డులో పత్తి బోరాలు మోసి మోసి నడుం పడిపోయి ఇంట్లోనే ఉన్నాడు. ఇల్లంతా ఆమె పొరక మీదే నడుస్తోంది. ఆ సంగతి నాకు బాగా తెలుసు. తెలిసీ చేసినాను కాబట్టే ఇదంతా రాస్తున్నాను.

ఆ శనివారం బయటి నుంచి ఒక బృందం వచ్చి ఊరి శుభ్రతకు మార్కులు వేస్తుందని కబురొచ్చింది. బుధవారం మా ఆఫీసరు ముందుగా చూడ్డానికి వచ్చినారు. పార్కంతా అద్దంలా ఉంది. నేను ఛాతీ విరుచుకుని చూపిస్తున్నాను. నేనెప్పుడూ తొంగి చూడని పంపు రూము వెనక్కు ఆయన పోయేసరికి నా ప్రాణం పోయింది. చీలమండ లోతున ఆకులు! పైనవి ఎండినవి, కిందవి నల్లగా నాని కుళ్లినవి.

"ఏమిటయ్యా ఇది? పార్కా, పెంటదిబ్బా?" అన్నారు ఆఫీసరు, వాకింగ్ చేసేవాళ్లందరి ముందూ. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆయన కారెక్కిన మరుక్షణం మార్తమ్మ మీద పడినాను.

"ఏమ్మా, కండ్లు కనపడవా? ఆ మూల ఊడ్చి ఎన్ని దినాలైంది?"

"దసరాకు ముందు నుంచి ఊడ్సలేదు సార్."

దాచాలని కూడా అనుకోలేదు. నాకు ఇంకా మండింది.

"ఎందుకూడ్చలేదు?"

"ఆడికి ఒక పిట్ట వస్తాది సార్. యాడాదికి ఒక తూరి, ఈ దినాల్లోనే. ఆకుల కింద పురుగూ పుట్రా ఏరుకుని తిని, వారం పది దినాలుండి పోతాది. ఈ తూరి ఇంకా రాలేదు. అదొచ్చి పోయేదాంక ఆ మూల ఇడ్సిపెట్టండి సార్."

"నీకు జీతమిచ్చేది పిట్టనా, ఆఫీసా?"

పక్కనున్న పనివాళ్లు నవ్వినారు. ఆమె తల వంచుకుంది. ఆ నవ్వుతో నాకు ఇంకా ఊపొచ్చింది. "రేపటి నుంచి నువ్వు రావద్దు" అన్నాను. ఆమె ఏడవలేదు, కాళ్లావేళ్లా పడలేదు. పొరక గోడకానించి, కొంగుతో ముఖం తుడుచుకుని వెళ్లిపోయింది. ఆ కోపంలోనే కాంట్రాక్టరుకు కాగితం రాసిచ్చినాను. పార్కు ఊడ్వడం లేదు, మనిషిని మార్చమని. అతను సంతోషంగా జేబులో పెట్టుకున్నాడు. శనివారం పనివాళ్ల కొత్త లిస్టు ఆఫీసుకు పోతుంది, ఆ లోపల ఇంకో మనిషిని రాసుకుంటానన్నాడు.

గురువారం ఇద్దరు మగవాళ్లను పెట్టి ఆ మూలంతా పారతో గీకించినాను. ఆకులు ట్రాక్టర్‌లో డంప్ యార్డుకు, ఊరి చెత్త పోసే చోటికి పోయినాయి. నేల బోసిగా తేలింది. గోడ వెంబడి సున్నం, బ్లీచింగ్ పౌడర్ చల్లించినాను. అప్పుడు గాని నాకు మనసు కుదుట పడలేదు.

శుక్రవారం పొద్దున ఆరింటికి నా ఘనకార్యం చూసుకుందామని పోయినాను. బెంచీ మీద ఖాదర్ సాబ్ కూర్చుని ఉన్నాడు. జిన్నింగ్ మిల్లులో ఫిట్టరుగా చేసి రిటైరైనాయన, రోజూ వాకింగ్‌కు వస్తాడు. నేను సలాం చెప్పేలోపల పంపు రూము వెనక నుంచి ఈల వినబడింది. రెండు ముక్కల ఈల, మొదటిది పైకి, రెండోది కిందికి. ఎవడో పోకిరీ అనుకుని గోడ మలుపు తిరిగినాను.

తిరిగి, అక్కడే కొయ్యబారిపోయినాను.

గోరింకంత పిట్ట. వీపు ఆకుపచ్చ. పొట్ట మాగిన జొన్నకంకి రంగు. భుజం మీద మెరిసే నీలం. కంటి మీదుగా కాటుక దిద్దినట్టు నల్లటి పట్టీ, గొంతు తెలుపు. తోక పొట్టిగా, తెంచేసినట్టుంది. దాని కింద, అబ్బా, కుంకుమ ఒలికినట్టు ఎరుపు. ఇరవై ఆరేండ్లు ఈ నేల మీద చెత్తే చూసినాను. ఇంత అందమైనది ఇదే నేల మీద తిరుగుతుందని నాకెవరూ చెప్పలేదు. కాదు, చెప్పింది. చెప్పినందుకే పనిలోనుంచి తీసేసినాను.

పిట్ట గెంతింది. ముక్కుతో నేల పొడిచింది. గట్టి నేల, టక్కుమని చప్పుడైంది. ఇంకో చోట పొడిచింది. సున్నం దాకా పోయి తల విదిలించి వెనక్కు వచ్చింది. రాత్రి రాలిన బాదమాకు ఒక్కటే అక్కడ పడి ఉంది. దాన్ని ముక్కుతో పట్టి తిరగేసింది. కింద ఏమీ లేదు. కాస్త దూరం గెంతి, మళ్లీ వచ్చి, అదే ఆకును మళ్లీ తిరగేసింది. అట్లా ఎన్నిసార్లు చేసిందో! నేను చూడలేకపోయినాను.

నా వెనకే వచ్చిన ఖాదర్ సాబ్ మెల్లగా అన్నాడు: "నౌరంగ్, సాబ్. తొమ్మిది రంగుల పిట్ట. యాడో హిమాలయాల కాడ్నుంచి రాత్రుళ్లు ఎగురుకుంటా వస్తాదంట. నాలుగేండ్ల నుంచి మార్తమ్మే నాకు చూపిస్తాండాది. పాపం, అలిసిపోయి దిగింటాది, మీరు దస్తర్‌ఖాన్ గుంజేసినారు."

దస్తర్‌ఖాన్ అంటే వాళ్ల ఇండ్లలో అందరూ కూర్చుని తినడానికి పరిచే గుడ్డ. విస్తరి ముందు కూర్చున్న మనిషిని లేపినట్టని ఆయన మాట. స్కూటర్ తీసుకుని నేరుగా మార్తమ్మ ఇంటికి పోయినాను.

ఆమె వాకిట్లో గిన్నెలు తోముతోంది. మొగుడు మంచం మీదే లేవబోయినాడు, వద్దన్నాను. మాటలు దారంతా కూర్చుకుని పోయినాను గాని ఒక్కటీ గుర్తుకు రాలేదు.

"మార్తమ్మా, పిట్ట వచ్చింది."

ఆమె గిన్నె కింద పెట్టింది. పని గురించి అడుగుతుందనుకున్నాను. "తింటాందా సార్?" అంది.

"లేదు. అంతా గీకించేసినా."

నా ముఖంలోకి ఒకసారి చూసింది. తిట్టినా బాగుండు. "ఆ డంప్ యార్డు ఆకులు పనికి రావు, ప్లాస్టికులో కలిసిపోయింటాయి. రైలు స్టేషన్ పక్క కానుగ చెట్ల కింద ఎవురూ ఊడ్సరు. బోరాలు తీసుకుని పాండి సార్" అని చేతులు కడుక్కుంది.

అక్కడ ఆమె పని చూసినాను. పైన ఎండిన ఆకులు పక్కకు తోసి, కింద నానిన నల్ల పొరను చేతులతో ఎత్తింది. దీన్ని చదువుకున్నవాళ్లు లీఫ్ లిట్టర్ అంటారని తర్వాత ఒక కాలేజీ లెక్చరరు చెప్పినాడు. అది చెత్త కాదు, వానపాములకూ పురుగులకూ ఇల్లు. దూరాలు పోయే పిట్టలు ఊరి మధ్య పార్కుల్లో మజిలీ చేసేది దాని కోసమే. ఆ మజిలీని వాళ్లు స్టాప్‌ఓవర్ అంటారు. మార్తమ్మకు ఆ మాటలేవీ రావు. పిడికెడు ఆకులు తీసి, వాసన చూసి, "ఇవి సార్" అంటుంది. నేను బోరాల్లో కుక్కుతాను.

జన్మంతా చెత్త బయటికి మోయించిన మనిషిని, అయిదు బోరాల చెత్త పార్కులోకి మోసుకొచ్చినాను. వాకింగ్‌కు వచ్చిన ఒకాయన, "ఏం సార్, ఎండకు తల తిరిగిందా? కసువు తెచ్చి పోస్తాండారు!" అని ఫోన్లో ఫొటో తీసినాడు. తీసుకోనీ అన్నాను. సున్నం పడిన మట్టి పారతో ఎత్తేసినాము. ఆకులు పరిచి, బిందెలతో నీళ్లు చిలకరించినాము. పిట్ట మాత్రం కనబడలేదు.

సాయంత్రం దాకా గోడ చాటున కూర్చున్నాము, నేను, మార్తమ్మ, ఖాదర్ సాబ్. అది వెళ్లిపోయి ఉంటే? ఖాళీ కడుపుతో ఎంత దూరం ఎగురుతుంది? పొద్దు వాలుతుండగా నేరేడు కొమ్మల్లోంచి ఈల వచ్చింది. పిట్ట దిగింది. ఒక ఆకు తిరగేసింది. ఇంకొకటి. ఉన్నట్టుండి ముక్కు లోపలికి దించి, వెనక్కు వాలి, పొడుగాటి వానపామును లాగింది. మార్తమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఖాదర్ సాబ్ "సుభానల్లా" అన్నాడు. కొండలు, నదులు, ఎన్నో ఊళ్లు దాటి వచ్చిన ప్రాణం మేం పరిచిన ఆకుల మీద అన్నం తింటోంది! దండం పెట్టాలనిపించింది. పెట్టినాను కూడా.

శనివారం పొద్దున ఆఫీసరు వచ్చినారు. ఫొటో ఆయనకు చేరిపోయింది. పక్కనే కాంట్రాక్టరు, చేతిలో కొత్త లిస్టు. మార్తమ్మ గేటు దగ్గర నిలబడి ఉంది, లోపలికి రావచ్చో లేదో తెలియక.

"తనిఖీ రోజు ఈ చెత్త ఎవరు పోసినారు?"

"నేనే సార్."

"అసలు ఇన్నాళ్లు ఊడ్వనిది ఎవరు?"

కాంట్రాక్టరు నా కాగితం తీసి చూపించినాడు. "ఆయమ్మే సార్. ఇన్‌స్పెక్టర్ సార్ రాసిచ్చినారు."

అందరూ నా వైపే చూస్తున్నారు. ఊ అంటే చాలు, తప్పంతా గేటు దగ్గరున్న మనిషి మీదికి పోతుంది.

"ఊడ్వొద్దని చెప్పింది నేనే సార్" అన్నాను.

"నువ్వే చెప్పి, నువ్వే తీసేయమని రాసినావా?"

"గడ్డి తిన్నాను సార్. ఆ కాగితం నాకిప్పించండి."

కాంట్రాక్టరు చేతిలోంచి తీసుకుని నాలుగు ముక్కలు చేసినాను. ఆఫీసరు ముఖం కందిపోయింది. తర్వాత బృందం వాళ్లు వచ్చి ఆ మూల చూసి ఏదో రాసుకున్నారు, మంచిదైతే కాదు. పాత లిస్టే పోయింది. మార్తమ్మ పొరక అందుకుని సిమెంటు బాట ఊడ్వడానికి పోయింది, నా వైపు చూడలేదు. సోమవారం నాకు మెమో వచ్చింది. మెమో అంటే తప్పుకు సంజాయిషీ అడిగే కాగితం. నా సర్వీసులో అదే మొదటిది.

ఇప్పుడు బదిలీ మీద ఎమ్మిగనూరులో పని చేస్తున్నాను. వచ్చిన మొదటి రోజు మస్టర్ వేసి, ఊడ్చేవాళ్లను కూర్చోబెట్టి, "మీరు యాడ ఊడ్వరు? ఎందుకు?" అని అడిగినాను. భయపడి ఎవరూ నోరు విప్పలేదు. వారం తర్వాత ఒక్కొక్కరే చెప్పినారు. ఒక గట్టు కింద తోకూపే పిట్టలు మేస్తాయని, ఒక చెట్టు కింద ఉడత పిల్లలున్నాయని. స్కూటర్ మీద తిరిగే నాకు ఊడ్వని చోటు మాత్రమే కనబడేది. వంగి ఊడ్చేవాళ్లకు నేల మీద ఏముందో కనబడుతుంది. ఇంత చిన్న సంగతి తెలుసుకోవడానికి ఒక మనిషి కూడు తీయబోయినాను.

మెమోకు నేనిచ్చిన జవాబు ఒకే వాక్యం: ఆ మూల ఊడ్వవద్దని కార్మికురాలికి నేనే చెప్పితిని. అది ఈనాటికీ నా సర్వీసు ఫైల్లో, నా సంతకం కింద ఉంది. అది అబద్ధం. చెప్పింది ఆమె. నేను వినలేదు.