పిండి పొంగని చలికాలం

ఆమె మా ఇంట్లో ఆరేళ్లు పనిచేసింది. ధర్సీవా దగ్గరి ఒక పల్లె నుంచి బస్సు పట్టుకుని రాయ్‌పూర్ శంకర్ నగర్‌లోని మా అద్దె ఇంటికి వచ్చేది. తొమ్మిది దాటాక వచ్చి, గిన్నెలు తోమి, సామాను సర్ది, మధ్యాహ్నం మర్నాటికి పిండి రుబ్బి, అయిదింటి బస్సుకు వెళ్లిపోయేది. నేను ఇంటి నుంచే టిఫిన్లు పంపేదాన్ని. చుట్టుపక్కల ఆఫీసుల్లో పనిచేసే పాతిక ముప్ఫై మందికి ఇడ్లీ, ఉప్మా, పెసరట్టు. ఆమె రుబ్బితే పిండి వెన్నలా ఉండేది. ఆ మాట నేను ఆమెతో ఎప్పుడూ అనలేదు.

మా నాన్నగారు విజయనగరం వైపు నుంచి రైల్వే ఉద్యోగం మీద ఇక్కడికి వచ్చారు. నేను పుట్టింది, చదివింది, పెళ్లయి కాపురం పెట్టింది అన్నీ రాయ్‌పూర్‌లోనే. మా ఆయన ఊరి బయట ఉర్లాలో ఒక ఫ్యాబ్రికేషన్ ఫ్యాక్టరీలో స్టోర్స్ చూసేవారు. నాది రైల్వే కాలనీ హిందీ, ఆమెది ఛత్తీస్‌గఢీ. మొదట ఒకరి మాట ఒకరికి సగమే అర్థమయ్యేది. రెండేళ్లు తిరిగేసరికి ఆమె మా ఇంటి తెలుగు పట్టేసింది, మధ్యమధ్య హిందీ ముక్కలతో.

ఒకరోజు గిన్నెలన్నీ బోర్లించి, చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది.

"దీదీ, వచ్చే నెల నుంచి నేను రాను."

"ఏమైంది? ఒంట్లో బాగోలేదా?"

"అదేం లేదు. మా ఊళ్లో ఆడవాళ్లం సమూహ్ పెట్టుకున్నాం. ఎనిమిది మంది. మేమే ఏదో కామ్ చేస్తాం."

"ఏం చేస్తారు?"

"ఇంకా మాలూమ్ లేదు దీదీ," అని నవ్వింది.

నాకూ నవ్వు వచ్చింది, కానీ అది వేరే నవ్వు. ఇలాంటి సంఘాలు ఎన్ని చూడలేదు! నాలుగు నెలలు అప్పడాలు ఒత్తి, అయిదో నెలలో కొట్టుకుని విడిపోతారు. మళ్లీ నా గుమ్మం ముందుకే వస్తుందనుకున్నాను. పోతూ పోతూ నా కాళ్లకు దండం పెట్టింది. కొత్త మనిషిని ఎక్కడ వెతకాలా అన్న చిరాకులో నేను ఆమెను సరిగా పలకరించనైనా లేదు.

ఏడాది గడిచింది. ఒక సాయంత్రం మా ఆయన చెప్పులు విప్పుతూనే అన్నారు.

"విన్నావేటే? మా ఫ్యాక్టరీలో కేంటీను కొత్తోళ్లకి ఇస్తన్నారు. నువ్వు అర్జీ పెట్టు."

"నాకెవరిస్తారండీ?"

"నీ ఇడ్లీ తిన్నాక ఎవులు కాదంటారు?"

ఆ మాటతో నాకు రెక్కలొచ్చాయి. వారం రోజులు నిద్రలో కూడా అదే ఆలోచన. ఇంటి వంటగది నుంచి బయటపడి, పెద్ద పొయ్యి ముందు నిలబడి, ఇద్దరు ముగ్గురికి పని చెబుతున్నట్టు ఊహించుకున్నాను. అర్జీ పెట్టాక, వంట రుచి చూసి నిర్ణయిస్తామన్నారు ఫ్యాక్టరీవాళ్లు. ఆ రోజు ఇస్త్రీ చీర కట్టుకుని, స్టీలు డబ్బాల్లో ఇడ్లీ, సాంబారు, మూడు రకాల పచ్చళ్లు పట్టుకుని ఫ్యాక్టరీ ఆఫీసుకు వెళ్లాను.

అక్కడ ఎనిమిది మంది ఆడవాళ్లు ఒకే రంగు చీరల్లో బెంచీ మీద వరసగా కూర్చుని ఉన్నారు. చివర్లో ఆమె. నన్ను చూడగానే లేచి వచ్చింది.

"దీదీ! మీరూనా?" అని చెయ్యి పట్టుకుంది.

వాళ్లు బియ్యప్పిండితో తమ ఊరి చీలా అట్లు పోసి తెచ్చారు, టమాటా పచ్చడితో. పక్కన ఇడ్లీ కూడా ఉంది. ఒకటి తీసుకుని కొరికాను. నానబెట్టిన అటుకులు గుప్పెడు, మెంతులు చెంచాడు. అది నా ఇడ్లీ. మా అమ్మ నాకు నేర్పిన ఇడ్లీ.

రుచి చూడటం అయ్యాక పెద్ద అధికారి నన్నడిగారు, "మీది ఏ ఊరు?"

"రాయ్‌పూర్."

"అది కాదు, అసలు ఎక్కడివారు?"

ఏం చెప్పను? నేను విజయనగరం చూసింది మూడుసార్లు. నేను తడబడుతుండగానే ఆయన తలూపి, పక్కాయనతో అన్నారు, "రెండూ బాగున్నాయి. కానీ వీళ్లకిస్తే పక్క ఊరి ఎనిమిది ఇళ్లలో పొయ్యి వెలుగుతుంది. కూరగాయలూ అక్కడివే వస్తాయి. ఫ్యాక్టరీ ఈ ఊళ్ల భూమి మీదే కదా ఉంది."

ఆయన అన్నది న్యాయమే. ఇప్పుడు అంటున్నాను. ఆ రోజు మాత్రం ఖాళీ డబ్బాలు సంచిలో వేసుకుని ఆటో ఎక్కాక, ముక్కూ మొహం తెలియని డ్రైవరు ముందు ఏడ్చాను.

ఆ తర్వాతి నెలలు నన్ను నేనే గుర్తుపట్టలేనంతగా గడిచాయి. మా ఆయన మధ్యాహ్నం భోజనం ఆ క్యాంటీన్‌లోనే. సాయంత్రం ఆయన రాగానే అడగకుండా ఉండలేకపోయేదాన్ని.

"ఇవాళ ఏం పెట్టారు?"

"ఫరా ఏసేరే. బియ్యప్పిండి ఉండలు ఆవిరి మీద ఉడికించి, నువ్వులూ ఆవాలూ పోపేసి... బాగుంది."

అంతే, ఆ పూట ఆయనతో మాటలు బంద్. పాపం, అబద్ధం చెప్పడం ఆయనకు చేతకాదు. ఒకసారి నేనే అన్నాను, "బాగాలేదని ఒక్కరోజైనా చెప్పకూడదా?" ఆయన కాసేపు ఆలోచించి, "సోమారం పప్పులో ఉప్పు తక్కువైందే" అన్నారు. ఆ ఉప్పు తక్కువతో నేను మూడు రోజులు సంతోషంగా ఉన్నాను.

కళ్లారా చూడాలనిపించింది. ఆయన కళ్లజోడు మర్చిపోయిన ఒకరోజు, అది ఇచ్చే సాకుతో ఉర్లా వెళ్లాను. క్యాంటీన్ రేకుల షెడ్డు. కాలు అవిటిగా ఉన్న ఒకామె కోసం ఎత్తు బల్ల చేయించారు. దాని మీద కూర్చునే కూరగాయలు తరుగుతోంది. వడ్డించేవాళ్లలో ఒక పిల్లకు చెవులు వినపడవు. ఇంకొంచెం అన్నం కావాలంటే రెండు వేళ్లు, పప్పు కావాలంటే అరచెయ్యి. వెల్డింగు పనివాళ్లంతా ఆ సైగలు నేర్చేసుకున్నారు, మామూలు వాళ్లతో కూడా సైగలే చేస్తున్నారు. ఇటుక బట్టీల్లో పనిచేసి వచ్చిన ఒకామె పెద్ద గరిటెను చెంచాలా తిప్పుతోంది. టమాటాలు సంఘంలోని ఒకామె అన్న చేలోవి.

నన్ను చూసి ఆమె పొయ్యి దగ్గర్నుంచి పరుగెత్తుకొచ్చింది. కొత్తగా కళ్లద్దాలు పెట్టుకుంది. అందరినీ పిలిచి, "ఈమే నా ఉస్తాద్. వంట ఈమె ఇంట్లోనే నేర్చుకున్నా," అని చెప్పింది. అందరూ చేతులు జోడించారు. నా కడుపు ఇంకా మండింది. తిట్టి ఉంటే తేలికగా ఉండేది.

డిసెంబరులో చలి ముదిరింది. రాయ్‌పూర్ ఎండలు తెలిసినవాళ్లు నమ్మరు గానీ, ఊరి బయట పల్లెల్లో ఆ నెలలో తెల్లారేసరికి వేళ్లు కొంకర్లు పోతాయి. ఒక ఆదివారం ఆమె మా ఇంటికి వచ్చింది.

"దీదీ, పిండి ఉబ్బట్లేదు. ఠండ్ చాలా ఉంది. ఇడ్లీ పత్థర్ అయిపోతోంది. మీ ఇంట్లో చలిలో కూడా బాగా వచ్చేది కదా, ఎలా?"

మా ఇంట్లో చలికాలం పిండి సంగతి ఆమెకు తెలియదు. ఆమె రుబ్బి వెళ్లిపోయాక నేను చేసే పని అది. గోరువెచ్చని నీళ్లు కాసిని పోసి, చేత్తో బాగా కలిపి, గిన్నెకు పాత కంబళి చుట్టి పొయ్యి గట్టు మీద పెట్టేదాన్ని. ఉప్పు పొద్దున వేసేదాన్ని. నాలుగు మాటల్లో చెప్పేసే సంగతి.

"వంటసోడా వెయ్యి," అన్నాను.

"సోడానా? ఎంత?"

"పెద్ద గిన్నెలు కదా. గిన్నెకు గుప్పెడు."

ఆమె నా మొహంలోకి ఒక్క క్షణం చూసింది. సరే అని తలూపి వెళ్లింది. తలుపు వేసుకుని, గడియ మీద చెయ్యి అలాగే ఉంచాను. వెనక్కి పిలవాలనుకున్నాను. పిలవలేదు.

మంగళవారం సాయంత్రం మా ఆయన వచ్చి చెప్పారు, "ఇయ్యేళ ఇడ్లీ పసుప్పచ్చగా ఉందే. సబ్బు నాకినట్టుంది. మనుషులందరూ ప్లేట్లు బోర్లించేసి బయటకి పోనారు. పెద్దాయన పిలిచి అడిగేడు. ఇంకోసారి ఇలాగైతే వేరేవాళ్లని చూస్తామన్నాడంట. పాపం, ఆ ఆడోళ్లు మొహాలు చిన్నబుచ్చుకుని నిలబడ్డారు."

"అయ్యో," అన్నాను. ఆ పూట ఎన్నడూ లేనిది రెండోసారి అన్నం పెట్టుకు తిన్నాను. ఇది రాయడం నాకు కష్టంగానే ఉంది. కానీ తిన్నాను, ఆకలి వేసి తిన్నాను.

నాలుగు రోజులకు ఆమె మళ్లీ వచ్చింది. చేతిలో డబ్బా. మూత తీసింది. తెల్లగా, దూది పింజల్లా ఇడ్లీలు.

"తిని చూడండి దీదీ. మాలో ఒక ముసలామె ఉంది. ఆమె అంది, కోడిపిల్లల్ని చలిలో ఎక్కడ పెడతాం, పైరాలో, అదే వరిగడ్డిలో కదా, పిండిని కూడా అక్కడే పెడదాం అని. వరిగడ్డిలో గుంట చేసి గిన్నెలు దింపేశాం. పొద్దున్నకి మూతలు లేచిపోయాయి!"

నా కంబళి కంటే మంచి ఉపాయం అది. తిన్నాను. చాలా బాగుంది.

"సోడా సంగతి..." అని మొదలుపెట్టాను.

"పోనీలెండి దీదీ. మీ ఇంట్లో సోడా డబ్బా నేను ఎప్పుడూ చూడలేదు. అయినా పెద్ద గిన్నెకి అలా ఉంటుందేమో అనుకున్నా. మాలో ఒకామె అంది, మీ ఉస్తాద్ కావాలనే చెప్పింది అని. నేను ఆమెతో లడాయి పడ్డా. మా దీదీ అలాంటి మనిషి కాదు అన్నా. మూడు రోజుల నుంచి ఆమెతో మాట లేదు."

"ఆమె చెప్పిందే నిజం," అన్నాను.

ఆమె డబ్బా మూత పెట్టింది. ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. చివరకు లేచి నిలబడి అంది, "అది నా ఒక్కదాని పిండి కాదు దీదీ. మంగళవారం మాకు మీటింగు. రండి. నాకు చెప్పింది వాళ్లకీ చెప్పండి. ఆ లడాయి పడ్డ ఆమెని నేను మాఫీ అడగాలి. మీరూ అడగాలి."

వెళ్లకుండా ఉండటానికి నాకు వంద కారణాలు దొరికాయి. మా ఆయనకు జరిగింది చెప్పాను. ఆయన అంతా విన్నారు. తర్వాత, "నేను బస్సు ఎక్కిస్తాను, పద," అన్నారు.

పంచాయతీ భవనం గదిలో చాప మీద ఎనిమిది మంది గుండ్రంగా కూర్చుని ఉన్నారు. నన్ను కూడా చాప మీదే కూర్చోబెట్టారు. నా హిందీలో, తడబడుతూ, ఉన్నదున్నట్టు చెప్పాను. చెవులు వినపడని పిల్ల నా పెదాలనే చూస్తోంది. ఆ పిల్లకు నా మాట అందుతోందా అని ఆగి ఆగి చెప్పాల్సి వచ్చింది. తొందరగా చెప్పేసి బయటపడదామనుకున్నదాన్ని, ఒక్కో మాటా నిలబెట్టి చెప్పాను.

ముసలామె అడిగింది, "ఎందుకు చేశావు బిడ్డా?"

"నాకు రావలసింది మీకు వచ్చిందని."

"ఇడ్లీ మాకు ఇప్పటికీ నీకు వచ్చినట్టు రాదు. మమ్మల్ని అడిగి ఉంటే కలుపుకుని ఏదో ఒకటి చేసేవాళ్లం కదా," అంది, అదేదో చాలా చిన్న సంగతైనట్టు.

నన్ను అనుమానించిన ఆవిడ మాత్రం తలెత్తలేదు. "ఆ రోజు మా కళ్ల ముందే ప్లేట్లు బోర్లించారు. నువ్వు చూడలేదు. మేం చూశాం," అంది. నేను చేతులు జోడించాను. ఆవిడ జోడించలేదు.

వాళ్ల సాంబారు పల్చగా ఉంటోందని పనివాళ్లు అంటున్నారట. నా దగ్గర సాంబారు పొడి తీసుకోవాలా వద్దా అని అప్పటికప్పుడే మాట్లాడుకున్నారు. చేతులెత్తారు. ఏడు చేతులు లేచాయి, ఒకటి లేవలేదు. ఏడు చాలన్నారు.

అప్పటి నుంచి నెలకోసారి పొడి పట్టుకుని వెళుతున్నాను. వాళ్లకు ఇప్పుడు ఇంకో ఫ్యాక్టరీలో కూడా క్యాంటీన్ ఉంది. ఒకసారి ఉండబట్టలేక అడిగాను, నన్ను తొమ్మిదో మనిషిగా చేర్చుకుంటారా అని. ఊరివాళ్లకే సంఘమన్నది వాళ్లు రాసుకున్న నియమం. ఆమె బాధపడుతూనే చెప్పింది. అసలు నేను ఇన్నాళ్లూ కుళ్లుకున్నది ఆ క్యాంటీన్‌కు కాదని అప్పుడు అర్థమైంది. ఒకామెకు జ్వరం వస్తే ఏడుగురు ఆమె పని చేస్తారు. కోపమొస్తే మొహం మీదే అనుకుంటారు, మర్నాడు మళ్లీ ఒకే పొయ్యి దగ్గర నిలబడతారు. పనికి మనిషి ఉన్నా, నా వంటగదిలో పదిహేనేళ్లుగా నేనొక్కదాన్నే.

"మీ వీధిలో ఆడవాళ్లు లేరా దీదీ?" అంది ఆమె.

ఉన్నారు. టైలరింగు చేసే ఒక ఒడియా ఆవిడ, భర్త పోయిన ఒక తెలుగావిడ, ప్రైవేటు బడిలో ఉద్యోగం పోయిన పక్కింటి టీచరు. సంఘం పెడదామా అని ముగ్గురినీ అడిగాను. ఇద్దరు సరేనన్నారు, టీచరు ఆలోచిస్తానంది. సంఘం ఎలా నడపాలో చెప్పమని ఆమెను పిలిచాను. మా ముందుగదిలో కుర్చీలో కూర్చుని, సగం తెలుగు, సగం హిందీలో, ఎవరు ఎప్పుడు అలుగుతారో, అలిగినప్పుడు ఏం చెయ్యాలో విడమరిచి చెప్పింది. సోడా వెయ్యమన్న మనిషి పేరు చెప్పకుండా సోడా కథ కూడా చెప్పింది. టీచరు కళ్లార్పకుండా వింది. అయిపోయాక, "మీరు వారం వారం వస్తానంటే నేనూ చేరతానండీ," అంది ఆమెతో.

నాతో కాదు, ఆమెతో. మళ్లీ అదే మంట, కడుపులో అదే చోట. టీ పెట్టుకొస్తానని లోపలికి వెళ్లాను.