పోలమ్మ ఎడమ చెయ్యి

మా చిన్నప్పుడు... పచ్చబొట్ల పోలమ్మ మా అరుగు మీద కూర్చుని ఎడమ చెయ్యి చాపితే చాలు, వీధిలో ఆడవాళ్లంతా మూగేవాళ్లు. ఆ చెయ్యే ఆమె నమూనాల పుస్తకం. మణికట్టు నుంచి భుజం దాకా వేలెడు ఖాళీ ఉండేది కాదు.

"ఇది మంగళగిరి చీర అంచు... ఇది మా అమ్మ వేసే ముగ్గు... ఇది పత్తికాయ పగిలినప్పటి గీత" అని చూపించేది. కొత్తది ఏది తోచినా ముందు తన చేతి మీదే పొడుచుకునేది. కుదిరితేనే మరొకరికి. కుదరనివి కూడా అక్కడే ఉండేవి... వంకర నెమలి, కాళ్లు లేని తేలు.

గుంటగలగరాకు పసరులో దీపం మసి రంగరించి, దారంతో కట్టిన మూడు సూదులు ముంచి, చుక్కచుక్కగా పొడిచేది. అదంతా మిరప కోతలకు ముందే. కోతలు మొదలైతే సూది ముట్టదు. తనకు తాను పెట్టుకున్న కట్టుబాటు అది.

ఒక ఏడు మోకాళ్ల నొప్పులతో ఆలస్యంగా వచ్చింది. అప్పటికే చేలన్నీ ఎర్రబడ్డాయి. పెళ్లీడుకొచ్చిన మా పిన్ని చెయ్యి చాపింది.

"కోతలయ్యాక చూద్దాంలే అమ్మాయ్. పచ్చి పుండుకు కారం తగిలితే నిప్పే."

"మూడూళ్లు తిరిగినా ఒక్క చెయ్యీ దొరకలేదన్నావుగా! దొరికితే ఒద్దంటావేంటి?"

"ఒద్దంటే ఒద్దు."

"పోనీలే... తిరునాళ్లకు మిషనుతో పచ్చబొట్లేసే ఆయన వస్తాడు. చిటికెలో గులాబీ వేస్తాడు, నీలాగా నస పెట్టడు!"

పోలమ్మ సూదుల డబ్బాకు మూత పెట్టి, మోకాళ్లు పట్టుకుని లేచింది. ఆ రోజు మా వీధిలో ఇంకెవరూ పిలవలేదు.

శివరాత్రి తిరునాళ్లలో పిన్ని గులాబీ వేయించుకుంది. మర్నాడే కోతకు వెళ్లింది. సాయంత్రానికి చెయ్యి బూరెలా ఉబ్బింది. వారం రోజులు వెన్న రాసుకుని ఏడ్చింది. వాపు తగ్గాక చూస్తే గులాబీ లేదు... సిరా ఒలికినట్టు ఒక మరక. పెళ్లిచూపులకు ఎవరొచ్చినా ఆ చెయ్యి కొంగు కింద దాచుకునేది.

కోతలయ్యాక, అన్న మాట ప్రకారం పోలమ్మ వచ్చింది. పిన్ని చెయ్యి ఒళ్లో పెట్టుకుని చాలాసేపు చూసింది.

"మరకను మబ్బు చేస్తాను. కింద చినుకులు పొడుస్తాను. ఇప్పుడే తోచిందమ్మాయ్... ముందు నా మీద పొడుచుకుందామంటే చోటు లేదు. కళ్లూ ఆనట్లేదు. తప్పితే తిట్టుకోకు."

"నువ్వు పొడువు పోలమ్మా. ఈసారి నోరెత్తను."

ఒక్కో చుక్కకీ ఆగి, కళ్లు తుడుచుకుని, మళ్లీ పొడిచింది. చివరి చినుకు వరస తప్పింది. అది చూసి, "ఇంక నా వల్ల కాదు" అంటూ సూదులకు కట్టిన దారం విప్పేసింది. మళ్లీ మా ఊరు రాలేదు.

నేనిప్పుడు గుంటూరులో చదువుకుంటున్నాను. కొత్త మాట ఒకటి దొరికితే ముందు నోట్సు వెనక పేజీలో రాసి చూసుకుంటాను... పోలమ్మ అలవాటే అంటుకుంది. మా హాస్టల్ సందు చివర టాటూ షాపుంది. పిల్లలు ఫోన్‌లో బొమ్మ చూపిస్తారు, అచ్చు అలాగే దిగుతుంది. వేసే ఆయన చేతులు మాత్రం ఒక్క చుక్కయినా లేకుండా నున్నగా ఉంటాయి.

పిన్ని ఇప్పుడు ఆ చెయ్యి దాచుకోదు. మాట్లాడుతూ మాట్లాడుతూ వరస తప్పిన చినుకునే తడుముకుంటుంది...

మీ ఇంట్లో ఎవరి చేతి మీదైనా అలాంటి చుక్కలుంటే, పొడిచిన మనిషి పేరు అడిగి ఇక్కడ రాయరూ... వాళ్ల పేర్లు ఇంకెక్కడా రాసి లేవు.