మీరెలా మొక్కుతారని అడిగిన మనిషి

మా హెడ్ సిస్టరు గారు పోయారన్న కబురు పొద్దున షిఫ్టు మారేటప్పుడు తెలిసింది. పెందుర్తి నుంచి వచ్చే ఆయా చెప్పింది. రిటైరయ్యాక ఆవిడ అక్కడే తమ్ముడి ఇంట్లో ఉంటున్నారు. తెల్లవారుజామున నిద్రలోనే పోయారట. 

నేను పద్మనాభం ఊరి దగ్గర వరి పండించుకునే ఇంట్లో పుట్టినదాన్ని. డెబ్బైల్లో హార్బరు దగ్గరి ఆసుపత్రిలో నర్సుగా చేరితే ఆవిడే నాకు పని నేర్పారు. సూది వేయడం ఎవరైనా నేర్పుతారు. మంచం మీది మనిషితో మాట్లాడటం ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. మీలో ఎవరైనా ఆ వార్డులో పడుకుని ఉంటే ఆవిడ మీకూ గుర్తుండే ఉంటారు.

ఓడల మీద జబ్బుపడిన నావికులు మా వార్డుకే వచ్చేవారు. ఇనుప ఖనిజం తీసుకెళ్లడానికి వచ్చిన జపాన్ వాళ్లు, ఫిలిప్పీన్స్ వాళ్లు, గ్రీకులు. మందులిచ్చాక ఆవిడ స్టూలు లాక్కుని కూర్చుని, తనకొచ్చిన ఇంగ్లీషులో అడిగేవారు: ఇంటి దగ్గర మీరెలా మొక్కుతారు? ఒక జపాన్ ఆయన రెండుసార్లు చప్పట్లు కొట్టి తల వంచి చూపించాడు. అది దేవుణ్ణి పిలవడానికా, నిద్ర లేపడానికా అని ఆవిడ చాలా రోజులు ఆలోచించారు.

ఆవిడ ప్రొటెస్టెంటు. సండే స్కూల్లో పిల్లలకు బైబిలు కథలు చెప్పేవారు. ఆవిడకు నచ్చుతుందనుకుని ఓసారి, ఎవరెలా మొక్కినా దేవుడొక్కడే కదండీ అన్నాను. నచ్చలేదు.

“అన్నీ ఒకటే అనీసుకుంటే ఇంక అడగడానికేటుంటాది? ఏరేగా ఉంది కాబట్టే అడుగుతన్నాను.”

ఎనభైల్లో ఉక్కు కర్మాగారం పనుల కోసం రష్యా ఇంజనీర్లు కుటుంబాలతో వచ్చారు. వాళ్లలో ఒకరి భార్య చెయ్యి కాలి మా దగ్గరికి కట్టు మార్పించుకోవడానికి వచ్చేది. సిస్టరు గారు ఆవిడనీ అడిగారు. ఆవిడ తలుపు వైపు చూసి, మొక్కనని తల అడ్డంగా ఊపింది. ఆ రోజుల్లో వాళ్ల దేశంలో దేవుడూ మొక్కులూ పైకి చెప్పుకునే మాటలు కావు. సిస్టరు గారు మళ్లీ అడగలేదు.

చెయ్యి మానాక ఒకరోజు ఆవిడే వచ్చింది. అక్కడ వాళ్ల ఊళ్లో అమ్మ చనిపోయిందట. వెళ్లడానికి వీలు కాలేదు. కొవ్వొత్తి వెలిగించుకునే చోటు ఎక్కడుందని గొంతు తగ్గించి అడిగింది. తమవాళ్లెవరికీ తెలియకూడదంది.

సిస్టరు గారు ఇరకాటంలో పడ్డారు. ఆవిడ వెళ్లే చర్చి సంఘంలో పోయినవాళ్ల కోసం ప్రార్థించరు, దీపాలు పెట్టరు. నా వైపు తిరిగి, మీ అమ్మ వెళ్లే మేరీమాత కొండకు దారి తెలుసా అన్నారు. హార్బరు పక్కనున్న ఆ కొండ మీది కేథలిక్ చర్చికి మా అమ్మ ఏటా వెళ్లేది; అక్కడ ఎవరొచ్చి కొవ్వొత్తి వెలిగించినా ఏమీ అడగరు.

సాయంత్రం ముగ్గురం మెట్లెక్కాం. సముద్రపు గాలికి అగ్గిపుల్లలు ఆరిపోతుంటే సిస్టరు గారు వెళ్లి అడ్డం నిలబడ్డారు. కొవ్వొత్తి వెలిగింది. రష్యా ఆవిడ వంగి కుడిచేత్తో నేలను తాకింది, లేచింది, మళ్లీ వంగింది. ఏడవలేదు. తర్వాత వాళ్లమ్మ పేరు మాకు చెప్పింది. మేమిద్దరం ఆ పేరు పలకబోయి తడబడితే, సరిగ్గా వచ్చేదాకా ఓపిగ్గా దిద్దింది.

సంగతి ఎలాగో సంఘంలో తెలిసిపోయింది. పాస్టరు గారు పిలిపించారు. అది మన విశ్వాసం కాదన్నారట. కాదని సిస్టరు గారూ ఒప్పుకున్నారు. తప్పయిందని అందరి ముందూ చెప్పమంటే మాత్రం చెప్పలేదు.

“నాను మొక్కలేదయ్యగారూ. గాలికి అడ్డం నిలబడ్డాను. అది తప్పని ఎలా సెప్పను?”

సండే స్కూలు ఆవిడ చేతిలోంచి తీసేశారు. ఆ దెబ్బ ఆవిడకు గట్టిగానే తగిలింది. ఆ నెలంతా టీ దగ్గర కబుర్లు లేవు. అయినా చర్చి మానలేదు, వెనక వరుసలో కూర్చునేవారు. కోపం రాలేదా అని అడిగాను.

“మా దేవుడూ ఓడ దిగొచ్చినోడే అంటారు కదమ్మా. అప్పుడు ఈ ఊళ్లో ఆయనకి ఎవులో ఒకలు సోటిచ్చుంటారు,” అన్నారు.

కొన్నేళ్లకు కొత్త పాస్టరు వచ్చి పిల్లల్ని మళ్లీ అప్పగిస్తే, ఆ ఆదివారమే వెళ్లి కూర్చున్నారు. రష్యా ఆవిడ అప్పటికే వాళ్ల దేశం వెళ్లిపోయింది.

సమాధి కార్యక్రమానికి వెళ్లొచ్చాను. కళ్లు మూసుకుంటే నాకు కొవ్వొత్తి వెలిగించిన ఆ సాయంత్రం కొండ దిగుతున్న సిస్టరు గారే కనిపిస్తున్నారు. కింద సముద్రం నుంచి హార్బరుకు దారితీసే కాలువలోంచి ఓ ఓడ లోపలికి వస్తోంది, డెక్కు మీద ఆరేసిన చొక్కాలు కనిపించేటంత దగ్గరగా. దాని జెండా ఏ దేశానిదో మా ముగ్గురికీ తెలియలేదు. రెయిలింగు దగ్గర నిలబడ్డ ఒకతను కొండ వైపు చూసి, చేత్తో నుదుటినీ గుండెనూ తాకాడు. అది దేవుడికా, మాకా అని ఆవిడ మెట్టు మీదే ఆగిపోయారు. ఓడ మలుపు తిరిగి హార్బరులోకి వెళ్లిపోయింది. రష్యా ఆవిడా నేనూ కిందికి దిగిపోయాం. ఆవిడ మాత్రం కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని, తనకు ఏమీ తెలియని ఆ మనిషి కోసం ఇంకా అటే చూస్తున్నారు.