పాపన్న పట్టిన దగ్గు

హోసూరు బాగలూరు రోడ్డులో రేడియోలు, ఆంప్లిఫయర్లు బాగుచేసే పాపన్నకు ఆరేళ్లుగా ఒకటే కోరిక. గురుమూర్తిగారింట్లో ఆదివారం పొద్దున పంచే మార్కుల చీటీ ఒక్కసారి తన చేతికీ రావాలని.

గురుమూర్తి నెల్లూరు నుంచి ఫ్యాక్టరీ ఆఫీసరుగా వచ్చి హోసూరులోనే ఉండిపోయాడు. ఆయనకో పిచ్చి. నూట యాభై ఏళ్ల కిందట యూరప్‌లో పియానోకీ పెద్ద ఆర్కెస్ట్రాకీ కలిపి రాసిన కాన్సర్టోల్లో లోకం మరిచిపోయినవాటిని వెతికి తెప్పిస్తాడు. ఒకే కాన్సర్టోను వేరువేరు పియానిస్టులు వాయించిన రికార్డింగులు వరసగా వినిపించి, ఎవరిది గొప్పో తేల్చమని నలుగురు మిత్రులచేత పదికి మార్కులు వేయిస్తాడు. 1998లో అక్కడికి ఆంప్లిఫయర్ బాగుచేయడానికి వెళ్లిన పాపన్న, పరీక్షకని పెట్టిన డిస్కు అయిపోయేదాకా లేవలేదు. ఆనాటి నుంచి ప్రతి ఆదివారం హాజరు. కూర్చునేది స్టూలు మీద, పని డిస్కులు మార్చడం. చీటీ మాత్రం లేదు. అడగడానికి అతనికి నోరు రాలేదు, అడగకుండా ఇవ్వాలని వాళ్లకు తోచలేదు. చదువుకున్నవాళ్ల మతిమరుపు అలాంటిది మరి!

2004లో, మామిడికాయల కాలంలో, నలుగురిలోకి చిన్నవాడైన ఇంజనీరు ఉపేంద్ర బొంబాయి నుంచి ఒక కొత్త డిస్కు తెప్పించాడు. గురుమూర్తి దగ్గర ఎన్నాళ్లనుంచో ఉన్న కాన్సర్టోయే అది. పియానిస్టు పేరు వేరు, కంపెనీ వేరు. రెండూ విన్నాక ఉపేంద్ర పాతదానికి అయిదు, కొత్తదానికి తొమ్మిది వేశాడు.

"పాతాయన నిద్రపోతూ వాయించాడండీ. ఈయన వేళ్లలో ప్రాణం ఉంది" అన్నాడు. తక్కినవాళ్లూ తలలూపారు.

"రెండూ వాయించింది ఒకే మనిషి సార్" అన్నాడు పాపన్న స్టూలు మీదనుంచి.

అందరూ నవ్వారు. పాపన్నకు ఒళ్లు మండింది.

"రెండో భాగంలో పియానో నిలిచిపోయిన చోట, వినేవాళ్లలో ఒకాయన దగ్గినాడు. ఒక దగ్గు దగ్గి, రెండోది మింగేసినాడు. దీంట్లోనూ ఆడనే దగ్గినాడు, అట్లే మింగినాడు."

"కచేరీ అన్నాక ఎవరో ఒకరు దగ్గుతారు పాపన్నా" అన్నాడు ఉపేంద్ర.

"దగ్గుతారు సార్. ఒకరి మాదిరి ఇంకొకరు దగ్గరు. మత్తూరు పక్క మాకు గొర్రెల మంద ఉండేది. దొంగలెత్తుకుపోయిన గొర్రెను మా నాయన కృష్ణగిరి సంతలో దగ్గును బట్టి పట్టినాడు. దొంగోడు మెడలో గంట మార్చినాడు, ఒంటికి రంగు పూసినాడు. దగ్గు యాడ మారుస్తాడు? ఈడా అంతే. స్పీడు రవ్వంత పెంచి, పేరు మార్చినారు."

"చూపించగలవా?" అన్నాడు గురుమూర్తి.

"కొంచెం టైమియ్యండి సార్."

మాట తప్పితే ఇక ఆ స్టూలు కూడా దక్కదని పాపన్నకు తెలుసు. షాపుకు పరుగెత్తి, వేగం తగ్గించే మర ఉన్న క్యాసెట్ డెక్ మోసుకొచ్చాడు. కొత్త డిస్కులోని రెండో భాగాన్ని క్యాసెట్‌లోకి ఎక్కించాడు. ఎడమ స్పీకర్లో పాత డిస్కు, కుడి స్పీకర్లో క్యాసెట్ ఒకేసారి మొదలుపెట్టాడు. రెండు పియానోలూ ఒకదాన్నొకటి తరుముతూ ఒకటే రొద. పాపన్న కళ్లు మూసుకుని మరను వెంట్రుకవాసి తిప్పాడు. క్యాసెట్‌ను రవ్వంత ఆపి వదిలాడు. మళ్లీ తిప్పాడు. రొద పలచబడింది. చివరికి రెండు పియానోలూ ఒక్కటైపోయాయి. అప్పుడు పియానో ఆగింది.

రెండు స్పీకర్లలోంచీ ఒకే దగ్గు. రెండోది మింగేశాడు మహానుభావుడు.

ఉపేంద్ర తన చీటీని జేబులో కుక్కుకోబోయాడు. గురుమూర్తి దాన్ని లాక్కుని చూసి, కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు. తర్వాత కొత్త చీటీ ఒకటి తీసి, తన పెన్నుతో సహా పాపన్న ముందు పెట్టాడు.

"మార్కులు వేయండి పాపన్నగారూ."

ఆరేళ్లలో ఆయన పాపన్నను మీరు అనడం అదే మొదలు. పాపన్న సంతోషంగా పెన్ను అందుకున్నాడు. అంకెలు గుండ్రంగా వేసి, అందరికీ వినబడేలా చదివాడు.

"పాతదానికి ఎనిమిది. కొత్తదానికీ ఎనిమిదే. దగ్గినాయనకి పది."